చార్మినార్ వేస్తే గీత బాగానే ఉంటుంది, రంగు పడ్డాక బల్లపరుపుగా మారుతుంది. తప్పెక్కడ?

ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండేళ్లుగా వాటర్ కలర్స్ వేస్తున్నారు. చార్మినార్, కుతుబ్‌షాహీ సమాధుల లాంటి పాత కట్టడాలంటే ఇష్టం. పెన్సిల్ గీత వరకు బాగానే వస్తోంది, రంగు వేశాక కట్టడం అట్టముక్కలా, నీడలు మురికిగా అయిపోతున్నాయి. చెక్కడాలన్నీ ఓపిగ్గా వేసినా పాతదనం కనిపించడం లేదు. ఏ కాగితం, ఏ రంగులు కొనాలి, ఫోటో చూసి వేయొచ్చా, దీన్ని వృత్తిగా పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

నేరుగా చెబుతాను. మీ కట్టడం నిలబడాల్సింది నీడ మీద, చెక్కడాల మీద కాదు. ఎండ పడే గోడకూ పడని గోడకూ మధ్య తేడా చాలినంత లేకపోతే ఎన్ని జాలీలు, ఎన్ని తామరరేకులు వేసినా బొమ్మ లేవదు. ఇక మురికి అంటారా, చాలాసార్లు అది రంగు తప్పు కాదు. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెట్టడం వల్ల వచ్చేదే. ఈ రెండూ సరిచేసుకుంటే కొత్త ట్యూబులు కొనకుండానే మీ బొమ్మ మారిపోతుంది.

ముందు ఎండ సంగతి. దీన్నే చాలామంది పట్టించుకోరు. చార్మినార్ నాలుగు కమానులూ సరిగ్గా నాలుగు దిక్కులకు ఉంటాయి. మదీనా, పత్తర్‌గట్టి వైపు నుంచి నడిచి వెళ్తే మనకు కనిపించేది ఉత్తరం ముఖం. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా సూర్యుడు దక్షిణం పక్కనే నడుస్తాడు కాబట్టి ఆ ముఖానికి నేరుగా ఎండ తగలదు. అందుకే డిసెంబరులో ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య ఈశాన్యం మూల దగ్గర నిలబడితే ఒక ముఖం పూర్తి ఎండలో, పక్క ముఖం పూర్తి నీడలో దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అదే మూలన మే నెలలో పొద్దున్నే నిలబడితే సూర్యుడు ఈశాన్యంలో ఉంటాడు, రెండు ముఖాలకూ ఎండ తగులుతుంది, కట్టడం అక్కడే, కళ్లముందే చదునుగా కనిపిస్తుంది. ఎంత చేయి తిరిగిన వాళ్లకైనా ఆ వెలుతురులో బరువు తేవడం కష్టం. వేసవిలో వేయాలంటే ఉదయం వాయవ్యం మూలకు మారండి. అక్కడ పడమటి ముఖం నీడలో ఉంటుంది.

స్థలం కుదిరాక వెంటనే పెద్ద కాగితం తీయకండి. అగ్గిపెట్టెకు రెండింతలంత చిన్న గడి గీసి, మూడే మూడు మెట్లు పెట్టండి: కాగితం తెలుపు, ఒక మధ్యస్థం, ఒక ముదురు. కళ్లు సగం మూసి చూస్తే కట్టడం మొత్తం రెండు మూడు పెద్ద ముక్కలుగా విడిపోతుంది. ఆకాశం మధ్యస్థమైతే ఎండగోడ తెలుపు. ఆకాశాన్ని తెలుపు వదిలేస్తే ఎండగోడకు కొంచెం రంగు కావాలి. ఈ నిర్ణయం కాగితం మీద కనిపించాలి, మనసులో అనుకుంటే చాలదు.

గీత. మీ గీత బాగుందని రాశారు. కానీ బల్లపరుపుతనంలో సగం ఇక్కడి నుంచే వస్తుంది కాబట్టి మూడు చోట్ల సరిచూసుకోండి.

ఒకటి, కంటి మట్టం. నిలబడి వేస్తే నేల నుంచి సుమారు అయిదడుగులు. ఆ గీతను కాగితం మీద పలచగా వేసి, బొమ్మ పూర్తయ్యేదాకా చెరపకండి. సమతలంగా ఉన్న రోడ్డు మీద నిలబడ్డ జనం దగ్గరివాళ్లైనా, దూరంవాళ్లైనా తలలు దాదాపు అదే గీత మీద ఉంటాయి, పాదాలు మాత్రమే పైకీ కిందికీ జరుగుతాయి. చార్మినార్ ముందు గుంపు వేసినప్పుడు దూరంవాళ్లు గాల్లో తేలుతున్నట్టు కనిపించేది ఈ ఒక్క కారణం వల్లే. మీరు స్టూలు మీద కూర్చుంటే గీత కిందికి దిగి వాళ్ల ఛాతీ దగ్గరికి వస్తుంది. బొమ్మ మధ్యలో లేచి నిలబడి కొనసాగించకూడదు.

రెండు, కాగితం బయటికి పోయే వానిషింగ్ పాయింట్లు (వెనక్కి పోయే గీతలన్నీ కలిసినట్టు కనిపించే బిందువులు). కట్టడం మూల నుంచి చూసినప్పుడు ఆ బిందువులు ఎక్కడో రెండడుగుల అవతల పడతాయి, స్కేలు అందదు. దానికి సులువైన దారి ఉంది. దగ్గరి మూల నిలువు గీతను కంటి మట్టం నుంచి పైకప్పు దాకా నాలుగు సమభాగాలు చేయండి. పెన్సిల్‌ను చేయి చాచి పట్టుకుని పైకప్పు ఏటవాలును కొలిచి ఆ ఒక్క గీత వేయండి. అది దూరపు మూలను తాకిన చోటు నుంచి కంటి మట్టం దాకా ఉన్న నిలువు గీతనూ నాలుగు భాగాలు చేసి, ఇటుదీ అటుదీ కలపండి. మధ్యలోని గీతలన్నీ వాటంతటవే సరైన వాలులో పడతాయి. కమాను నడిమధ్య కావాలంటే ఆ గోడ చతురస్రానికి రెండు కర్ణాలు గీయండి, అవి కలిసిన చోటు గుండా నిలువు గీత వేయండి, కమాను శిఖరం ఆ గీత మీదే ఉంటుంది. దగ్గరి సగం వెడల్పుగా, దూరపు సగం ఇరుకుగా రావాలి. మీ బొమ్మలో రెండూ సమానంగా ఉంటే గోడ ఎప్పటికీ వెనక్కి పోదు. ఇక కమాను మందం: మీరు ఎడమ వైపు నిలబడితే కుడి చెక్క లోపలి మందమే కనిపిస్తుంది. రెండు వైపులా మందం వేసే పొరపాటు చాలా బొమ్మల్లో చూస్తుంటాను.

మూడు, మినారు చుట్టూ ఉన్న వలయాలు. అవి కంటి మట్టానికి పైన ఉన్నాయి కాబట్టి అన్నీ పైకి వంగిన విల్లులా కనిపిస్తాయి. పైకి పోయేకొద్దీ వంపు ఎక్కువవుతుంది. అన్నిటికీ ఒకే వంపు ఇస్తే, లేదా అడ్డంగా తిన్నని గీతలు పెడితే మినారు గుండ్రంగా ఉండదు, చెక్కపట్టీలా మారుతుంది. కింది వలయంలో వంపు స్వల్పం, పై వలయంలో స్పష్టంగా. ఈ ఒక్కటి దిద్దితే మీకే తేడా తెలుస్తుంది.

పెన్సిల్ హెచ్‌బీ చాలు. 2బీ గ్రాఫైట్ లేత వాష్‌లో (నీళ్లతో పలచగా పరిచే రంగు పొరలో) కలిసి సున్నపు గోడను బూడిదగా మారుస్తుంది. మురికికి ఇదీ ఒక చిన్న కారణం.

కాగితం. 300 జీఎస్‌ఎం, 100 శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కొద్దిగా గరుకుగా ఉండేది). ఆర్చెస్, సాండర్స్ వాటర్‌ఫోర్డ్, ఫాబ్రియానో ఆర్టిస్టికో, ఏదైనా ఫర్వాలేదు. పూర్తి ఇంపీరియల్ షీటు 22×30 అంగుళాలు. దాన్ని నాలుగు చేస్తే 11×15 వస్తుంది, అభ్యాసానికీ అమ్మకానికీ అనువైన సైజు. సెల్యులోజ్ (చెక్కగుజ్జు) కాగితం చవకే గానీ దాని మీద రెండో పొర వేస్తే మొదటి పొర లేచిపోతుంది. కట్టడాల బొమ్మకు పొర మీద పొర తప్పదు కాబట్టి, డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు కాగితమే. బ్రష్‌ల సంగతి ఆ తర్వాత.

మన వాతావరణంలో ఇంకో ఇబ్బంది ఉంది. వానాకాలం తేమకు కాగితం మీది సైజింగ్ (నీళ్లు వెంటనే ఇంకకుండా ఆపే జిగురు పూత) చెడిపోతుంది. అలాంటి షీటు మీద వాష్ వేస్తే అక్కడక్కడా రంగు ఇంకి, చెరపలేని ముదురు మచ్చలు పడతాయి. కొన్నది పాత స్టాకైతే మూలన ఒక నీటిచుక్క పెట్టి చూడండి. చుక్క ఉబ్బుగా నిలవాలి. వెంటనే ఇంకిపోతే ఆ షీటును పెన్సిల్ పనికి వాడుకోండి. మిగతావి సిలికా జెల్ పొట్లాలతో గట్టి ప్లాస్టిక్ కవర్లో దాచండి.

రంగులు. ట్యూబు మీద పేరు కాదు, పిగ్మెంట్ (అసలు రంగు పొడి) కోడ్ చూడండి. కంపెనీని బట్టి ఒకే పేరుతో వేరే పిగ్మెంట్ ఉంటుంది. పాత కట్టడాలకు ఇవి చాలు: అల్ట్రామెరైన్ (పీబీ29), కోబాల్ట్ (పీబీ28), రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా (పీబీఆర్7), లైట్ రెడ్ (పీఆర్101 లేదా 102), క్వినాక్రిడోన్ రోజ్ (పీవీ19), బర్న్ట్ అంబర్. అలిజరిన్ క్రిమ్సన్ అసలు పిగ్మెంట్ పీఆర్83 వెలుతురుకు వెలిసిపోతుంది, అమ్మే బొమ్మల్లో వాడకండి. నల్ల ట్యూబు అవసరం లేదు.

కలపడం ఇలా. డంగు సున్నం గచ్చు మీద ఎండ పడితే: రా సియెన్నా బాగా పలచగా, అందులో రోజ్ చుక్క. అదే గోడ నీడలో: అల్ట్రామెరైన్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు. గోల్కొండ గ్రానైట్‌కు అల్ట్రామెరైన్, లైట్ రెడ్ కలపండి. రెండూ బరువైన రేణువులు, గరుకు కాగితం గుంతల్లో దిగి రాయి గింజదనాన్ని అవే తెస్తాయి. రామప్ప గుడికి ఈ కలయిక పనికిరాదు. అక్కడ గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, మదనికలు (చూరు కింది స్త్రీమూర్తులు) నల్లటి గట్టిరాయి, అద్దంలా నునుపు చేసినవి. ఆ నలుపులో ఆకాశం ప్రతిఫలిస్తుంది కాబట్టి మెరుపులు కోబాల్ట్ నీలంగా ఉంటాయి, తెల్లగా కాదు. తెలుపు వదిలితే ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది.

రంగు వేసే వరుస. 11×15కి పన్నెండో నంబరు రౌండ్ బ్రష్ లేదా మాప్ (నీళ్లు ఎక్కువ పట్టే మెత్తటి బ్రష్), ఎనిమిదో నంబరు రౌండ్, ఒక రిగ్గర్ (పొడవాటి సన్నని బ్రష్) చాలు. బోర్డు కొద్దిగా వాలుగా ఉండాలి. చిక్కదనం విషయంలో మొదటి వాష్ పలుచని మజ్జిగలా, నీడ వాష్ చిక్కటి పాలలా, చివరి ముదుర్లు మీగడలా అని గుర్తుపెట్టుకోండి.

మొదటి వాష్‌కు ముందే మూడు రంగులు ఒక్కోటి రెండు చెంచాల నీళ్లంత కలిపి పెట్టుకోండి: ఆకాశానికి, ఎండగోడకు, నేలకు. మధ్యలో కలపడానికి ఆగితే అంచు ఆరిపోతుంది. ఏప్రిల్ ఎండలో ఆరుబయట వాష్ మెరుపు రెండు మూడు నిమిషాల్లోనే పోతుంది. కాబట్టి కాగితం వెనక వైపు కూడా తడిపి, నీడలో కూర్చుని వేయండి. ఆకాశంతో మొదలుపెట్టి గోడల మీదుగా నేల దాకా ఒకే దఫాలో దిగండి. నీడగోడను కూడా ఈ లేత రంగుతో కప్పేయండి. నిజంగా మెరవాల్సిన చోట్లు మాత్రమే తెల్లగా వదలండి: కార్నిస్ (గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచుపట్టీ) పై అంచు, బాల్కనీ పిట్టగోడ, ఒకటి రెండు చొక్కాలు.

పూర్తిగా ఆరనివ్వండి. వేలి వెనక భాగంతో తాకితే చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే.

రెండోది నీడ వాష్. బొమ్మ ఇక్కడే నిలబడుతుంది. నీడలన్నీ ఒకే ముక్కగా, తెగకుండా వేయాలి: నీడగోడ, దాని పక్క మినారు నీడవైపు, కమాను లోపల, కింద రోడ్డు మీద పరుచుకున్న నీడ. బ్రష్ తీయకుండా దిగుతూ రంగు మార్చండి. పైన, ఆకాశానికి ఎదురుగా ఉన్న భాగం చల్లగా, కోబాల్ట్ ఎక్కువగా. కమాను కింది వైపు, చూరు అడుగు వెచ్చగా, రా సియెన్నా గానీ లైట్ రెడ్ గానీ కలిపి. ఎండ పడ్డ రోడ్డు మీది వెలుగు ఎగసి అక్కడ తగులుతుంది కాబట్టి. ఈ వెచ్చదనం లేకపోతే నీడ బొగ్గుమసిలా కనిపిస్తుంది, మీరు మురికి అంటున్నదాంట్లో ఇదీ కొంత ఉంటుంది. తడి మీద ముదురుగా అనిపించాలి, ఆరాక ఒక మెట్టు పలచబడుతుంది. వేసేటప్పుడే సరిపోయినట్టు కనిపిస్తే, ఆరాక చాలదని అర్థం.

వేశాక చేయి తీసేయండి. మెరుపు తగ్గి మందగించిన దశలో నీటి బ్రష్ పెడితే నీళ్లు రంగును నెట్టి కాలీఫ్లవర్ అంచులు వస్తాయి. దాన్ని దిద్దబోయి రుద్దితే కాగితం పీచు లేస్తుంది, రేణువులు కలగాపులగమై మురికవుతుంది. తప్పు పడితే పూర్తిగా ఆరాకే దిద్దండి. ఒక కలయికలో మూడు పిగ్మెంట్లు దాటనివ్వకండి.

మూడోది పాతదనం. ఇది గీతల్లో ఉండదు, వాన చేసిన గుర్తుల్లో ఉంటుంది. పాత గచ్చు మీద కార్నిస్ కింద, బాల్కనీ అడుగున నల్లటి చారలు దిగి ఉంటాయి. నీళ్లు ఏళ్ల తరబడి ఒకే దారిలో కారడంతో అక్కడ నాచు పట్టి ఎండిపోతుంది. దాన్ని వేసే పద్ధతి: నీడ వాష్ ఆరాక, కార్నిస్ కింద అరంగుళం వెడల్పున శుభ్రమైన నీళ్లతో తడపండి. ఎనిమిదో నంబరు బ్రష్ మొనతో అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ చిక్కగా తీసుకుని తడిపిన చోటి పై అంచుకు మాత్రమే మూడు నాలుగు చుక్కలు తాకించండి. బోర్డును నిటారుగా లేపి పది లెక్కపెట్టండి. రంగు దానంతట అది కారుతుంది, పైన ముదురుగా, కింద మాయమవుతూ. బ్రష్‌తో గీసిన చారలకు ఆ పలచబడటం రాదు. చారల మధ్య ఎడం సమానంగా ఉండకూడదు. నీళ్ల గొట్టం, పగులు, పిట్టగోడ సందు ఉన్న చోటే చిక్కగా రావాలి.

చెక్కడాలు ఆఖర్న. కంటి చూపు మొదట పడాల్సిన చోట, అంటే ఎండా నీడా కలిసే అంచు దగ్గర, నాలుగైదు జాలీ కళ్లు స్పష్టంగా వేసి మిగతావి పొడి బ్రష్ పక్కకు వాల్చి ఒకసారి లాగేయండి. చార్మినార్‌కు 1889లో పెట్టిన గడియారాలు ఉన్నాయి. వాటిలో అంకెలు వేస్తే చూపంతా అక్కడే ఇరుక్కుంటుంది. లేత వృత్తం, రెండు ముళ్లు చాలు. కరెంటు తీగలు కొన్ని ఉంచండి, అవి లేకుండా పాతబస్తీ పాతబస్తీలా ఉండదు.

ఫోటో చూసి వేయడం తప్పేమీ కాదు. 1786లో కలకత్తాలో దిగి దేశమంతా తిరిగి కట్టడాలు చిత్రించిన ఇంగ్లిష్ చిత్రకారులు థామస్ డేనియల్, విలియం డేనియల్ కూడా కెమెరా అబ్స్‌క్యూరా (ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేలా చేసే పెట్టె) సాయం తీసుకున్నారు. అయితే ఫోన్ మెయిన్ లెన్స్ వైడ్ యాంగిల్. దగ్గర నిలబడి పైకెత్తి తీస్తే మినార్లు లోపలికి వాలతాయి. ఆ వాలునే గీసేసి, కట్టడం వంగిందేమిటని బాధపడతారు. వెనక్కి వెళ్లి, రెండింతల జూమ్‌తో, ఫోన్ నిటారుగా పట్టి తీయండి. ఒకటి నీడకు, ఒకటి ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి రెండు తీయండి, ఎందుకంటే ఒకే ఫోటోలో నీడలు నల్లగా మూసుకుపోతాయి. అక్కడే నిలబడి పెన్సిల్‌తో రంగుల మాటలు రాసుకోండి: చూరు అడుగున నారింజ, గోడ పైన నీలం అన్నట్టు. ఇంటికొచ్చాక ఫోటో కంటే ఆ మాటలే పనికొస్తాయి.

నెట్‌లో దొరికే పాత ఫోటోలతో ఇంకో చిక్కుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో నల్లబడిన సిమెంటు పూతలు తీసి మళ్లీ సున్నపు గచ్చు చేశారు. పాత ఫోటో చూసి గుమ్మటాలను బూడిద నలుపులో వేస్తే అది ఇప్పటి కట్టడం కాదు. పాతది వేయదలుచుకుంటే వేయండి, కానీ తెలిసి వేయండి. ఇంకొకరి ఫోటో అయితే అడిగి వాడండి.

ఇక వృత్తి సంగతి. బతకొచ్చు, కానీ బొమ్మల అమ్మకం ఒక్కదానితో కష్టం. ఈ పనిలో ఉన్నవాళ్ల ఆదాయం సాధారణంగా నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది: కమిషన్లు, వారాంతపు క్లాసులు, ప్రింట్లు, ఆర్కిటెక్టులకు పర్‌స్పెక్టివ్ బొమ్మలు, వారసత్వ కట్టడాల డాక్యుమెంటేషన్. చివరిదాన్ని మామూలు బొమ్మతో కలపకండి. సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816 తర్వాత అమరావతి స్తూప శిల్పాలకు వేయించిన చిత్రాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్ని ఫలకాలు తర్వాత కనబడకుండా పోయాయి, ఆ చిత్రాలే మిగిలాయి. అంటే డాక్యుమెంటేషన్‌లో కొలత ముఖ్యం: ఎదురుగా నిలబడి, స్కేలుతో, ఒక్క పగులు కూడా వదలకుండా వేయాలి. అక్కడ మనకు నచ్చిన వెలుతురు కోసం నీడ మార్చకూడదు. గోడ మీద వేలాడదీసే బొమ్మలో మాత్రం అనవసరమైన హోర్డింగు తీసేసే స్వేచ్ఛ మీకుంది. ఒప్పుకునే ముందే ఏది కావాలో అడగండి.

ధర సైజును బట్టి పెట్టండి, చదరపు అంగుళానికి ఇంత అని, అందరికీ ఒకటే. గ్యాలరీలు మూడో వంతు నుంచి సగం దాకా తీసుకోవడం మామూలు కాబట్టి ఆ లెక్క ముందే కలుపుకోవాలి. కమిషన్‌కు సగం అడ్వాన్సు, చిన్న రంగు స్కెచ్‌కు ఒప్పుకోలు, ఆ తర్వాతే పెద్ద కాగితం. ఇచ్చేముందు 600 డీపీఐలో స్కాన్ చేయించి ఉంచుకోండి, ప్రింట్లకు అదే ఆధారం. ఫ్రేములో యాసిడ్ లేని మౌంట్ బోర్డు పెట్టించండి. బొమ్మ అద్దానికి తగలకూడదు, తగిలితే వానాకాలంలో బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. బొమ్మ వెనక నెల, సమయం, ఏ దిక్కు నుంచి చూసి వేశారో రాయండి.

రక్షిత కట్టడాల ఆవరణలో చిన్న స్కెచ్‌బుక్‌తో కూర్చుంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. ఈజిల్, స్టాండు, గొడుగు పెట్టేట్టయితే ముందుగా అక్కడి కార్యాలయంలో అడగండి. రంగు నీళ్లు రాతి మీద పారబోయవద్దు, సీసాలో వెంట తెచ్చుకోండి. గచ్చు మీద పడ్డ మరక మళ్లీ పోదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈశాన్యం మూల (వేసవైతే వాయవ్యం), 11×15 కాగితం, రెండే వాష్‌లు, ఒక్క చెక్కడం కూడా లేకుండా. మూడో వాష్ ఆపేయండి. ఆరాక గదికి అటు చివర నిలబెట్టి చూడండి, కట్టడం రెండు ముఖాలుగా విడిపోయి కనిపించాలి. కనిపించకపోతే నీడ వాష్ ఇంకా పలచగా ఉందన్నమాట, అదే బొమ్మను మరో కాగితం మీద అంతకంటే చిక్కగా వేయండి. వేశాక ఫోటో ఇక్కడే పెట్టండి, వాడిన ట్యూబుల కోడ్‌లు, వేసిన సమయం కూడా రాస్తే ఎక్కడ సర్దాలో చెబుతాను.